ఆరు నెలలా, మూడేళ్ళా

కృష్ణలంకలో పేరమ్మ చేపల బల్ల దగ్గర ఆ ఆదివారం చేపల కంటే సలహాలే ఎక్కువ తూగాయి.

బల్ల మీద ఒక పక్క శీలావతులు, ఇంకో పక్క బొచ్చెలు, వాటి మధ్య కత్తిపీట. కత్తిపీట ముందు పేరమ్మ కూతురు దుర్గ. ఆమె వెనకాల గోడకి ఉన్న మేకుకి ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. తడి తగలకుండా దాంట్లో రెండు దరఖాస్తు ఫారాలు పెట్టుకుంది దుర్గ. ఒకటి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డాక్టరుగారు తన క్లినిక్ మేడ మీద నడిపే మెడికల్ అసిస్టెంట్ కోర్సుది. ఆరు నెలలు. రెండోది మంగళగిరి అవతల ఉన్న నర్సింగ్ స్కూలుది. మూడేళ్ళు. రెండింటికీ ఆఖరి తేదీ ఒకటే. ఇంకా పదమూడు రోజులుంది.

ఈ సంగతి పేరమ్మ ఒక్కరికే చెప్పింది. ఆ పొద్దున బల్ల దగ్గరికి మొదట వచ్చిన మనిషికి. ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"నర్సింగే చెయ్యమ్మా. పేరు పక్కన అక్షరాలు పడతాయి," అన్నాడు రిటైరైన మాస్టారొకాయన, శీలావతి తోక పట్టుకుని ఎత్తి చూస్తూ.

"మూడేళ్ళా! మూడేళ్ళలో పిల్ల ముసలిదైపోదూ?" అంది ఆయన వెనకాల నుంచున్నావిడ. "ఆర్నెల్లది చేయించు పేరమ్మా. ఏసీలో కూచుంటది. మా తోడికోడలి చెల్లెలి కూతురు అట్టాగే చేసి ఎంత తెల్లబడిందో."

"తెల్లబడ్డానికి కోర్సు ఎందుకండీ, ఐసుపెట్టెలో కూచున్నా చాలుగా," అన్నాడు దుర్గ అన్న కోటి. అతనికి సొంత ఆటో ఉంది. ఆదివారం పూట దాన్ని బల్ల పక్కనే ఆపి అందరి మాటల్లోనూ వేలు పెడతాడు. "అమ్మా, ఓట్లు పెట్టేయ్. కిలోకి ఒక ఓటు. రెండు కిలోలు కొన్నోళ్ళకి రెండు."

సలహా ఇచ్చినవాళ్ళలో ఆ రెండు చదువులకీ తేడా తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మన ఊళ్ళో సలహా ఇవ్వడానికి అదేమీ అడ్డం కాదు.

దుర్గ వింటూనే పొలుసు గీస్తోంది. ఆమెకి ఇరవై ఒకటి. ఇంటర్లో బైపీసీ చదివింది. అన్నీ ఒకేసారి గట్టెక్కాయి గానీ ఇంగ్లీషు మాత్రం రెండోసారికి వచ్చింది. ఆ రెండోసారి రిజల్టు చూసుకున్న రోజే అమ్మకి నడుం పట్టేసింది. పది రోజులు బల్ల చూసుకుంటానని కూచున్న పిల్ల మూడేళ్ళు కూచుంది. ఇప్పుడు ఆ వరసలో ఆమె అంత శుభ్రంగా చేప చేసిచ్చేవాళ్ళు లేరు. కానీ క్లినిక్ ముందున్న ఫ్లెక్సీలో తెల్లకోటు వేసుకుని నవ్వే అమ్మాయిని చూసినప్పుడల్లా దుర్గకి ఆ కోటు తన ఒంటికి సరిపోతుందనిపించేది. ఆ ఫ్లెక్సీ అమ్మాయిది ఏ దేశమో ఎవరికీ తెలియదు. కింద మాత్రం అచ్చ తెలుగులో రాశారు: "ఆరే నెలల్లో మీ కాళ్ళ మీద మీరు!" అప్పటిదాకా ఎవరి కాళ్ళ మీద నిలబడ్డామని అడిగినవాళ్ళు లేరు.

నర్సింగ్ స్కూలుకి ఫ్లెక్సీ లేదు. ఆ ఫారం తెచ్చుకోడానికి దుర్గ రెండు బస్సులు మారి వెళ్ళింది. అక్కడ సీనియర్ల చేతుల్లో ఇటుకరాళ్ళంత ఇంగ్లీషు పుస్తకాలు చూసింది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

"నీకేది ఇష్టమే?" అని పేరమ్మ అడిగింది, గిరాకీ పలచబడ్డాక.

"తెలీట్లేదమ్మా."

"తెలీనప్పుడు చిన్నది చేసుకో. కళ్ళెదురుగా ఉంటావు." పేరమ్మ భయమల్లా అదే. మూడేళ్ళు హాస్టలంటే మంగళగిరి కూడా ఆమెకి సముద్రం అవతల ఉన్నట్టే.

క్లినిక్ వాళ్ళు ఒక మంచిపని చేశారు. చేరబోయే ముందు పది రోజులు వచ్చి పని చూసుకోండి, నచ్చితేనే ఫారం ఇవ్వండి అన్నారు. సోమవారం పొద్దున దుర్గ నిమ్మకాయ రుద్ది రుద్ది చేతులు కడుక్కుని, జడ బిగించి, కోటి ఆటోలో వెళ్ళి బెంజ్ సర్కిల్లో దిగింది.

"వాసనొస్తుందా అన్నయ్యా?" అంది చేతులు చాపి.

కోటి వాసన చూశాడు. "చేపల పులుసులో నిమ్మకాయ పిండినట్టుంది. పో, పో, ఎవడూ పట్టించుకోడు. ఆకలేస్తుందంతే."

అక్కడ కీర్తన అని ఇరవై ఆరేళ్ళ అమ్మాయి సీనియర్ అసిస్టెంటు. చకచకా మాట్లాడుతుంది, అంతకంటే చకచకా పనిచేస్తుంది. దుర్గకి నీలం చీటీల కట్ట ఒకటి చూపించింది.

"ఇదిగో, చీటీలో ఆరు గళ్ళున్నాయి. పేరు, వయసు, బరువు, బీపీ, షుగరు, ఎందుకొచ్చారు. ఈ ఆరూ నింపాలి, లోపలికి పంపాలి. మనిషికి నాలుగు నిమిషాలు. ఐదో నిమిషం పట్టిందంటే బయట కూర్చున్నవాళ్ళు మనల్ని తింటారు. అర్థమైందా?"

"అర్థమైందక్కా."

అర్థమవడమే కాదు, బాగా వచ్చింది కూడా. ఆదివారం గుంపుని సంభాళించిన పిల్లకి ఓపీ గుంపు లెక్క కాదు. ఎవరు ముందొచ్చారో, ఎవరు మధ్యలో దూరారో చూపుతోనే పట్టేసేది. మొదటి రోజు ఒకసారి మాత్రం అలవాటు కొద్దీ, "రండి బాబూ రండి, పన్నెండో నంబరు రండి!" అని గొంతెత్తింది. హాలంతా ఉలిక్కిపడింది. పన్నెండో నంబరు ముసలాయన మాత్రం, "ఇన్నాళ్ళకి నాకు వినపడేట్టు పిలిచారమ్మా," అని నవ్వుకుంటూ లేచాడు.

నాలుగో రోజు ఉయ్యూరు నుంచి రత్తయ్య వచ్చాడు.

చెరకు రైతు. అరవై రెండేళ్ళు. పక్కన భార్య వెంకటరత్నమ్మ, ఆవిడ చేతిలో మందుల సంచి. ఎందుకొచ్చారంటే, గ్యాసు అన్నాడు. దుర్గ ఆరో గడిలో గ్యాసు అని రాసి, బరువు చూసే మిషను చూపించింది.

"బూట్లు తీసి ఎక్కండి బాబాయిగారూ."

"తీస్తే మళ్ళీ ఎక్కవమ్మా. ఈ మధ్య నా కాళ్ళు వీటిల్లో పట్టట్లేదు," అంటూనే బూట్లూ సాక్సులూ తీశాడు.

చీలమండ పైన సాక్సు పట్టీ గుర్తు లోతుగా దిగి, గాజు తొడిగినట్టుంది. దుర్గ దాన్ని చూసింది.

చేపల బల్ల దగ్గర పెరిగినవాళ్ళకి ఒక అలవాటుంటుంది. మార్కెట్లో గంప దించగానే ముందు మొప్ప ఎత్తి రంగు చూస్తారు, తర్వాత తల వెనకాల బొటనవేలితో నొక్కుతారు. నొక్కినచోట పడ్డ గుంట వెంటనే లేస్తే ఇవాళ్టి చేప. లేవకుండా అలాగే ఉండిపోతే నిన్నటిది, ఐసులో పడుకుని వచ్చింది. దుర్గ ఆ పని నడక వచ్చినప్పటి నుంచీ చేస్తోంది. కాబట్టి ఆమె బొటనవేలు ఆమెని అడగలేదు. వంగి, రత్తయ్య కాలు మీద, ఎముక దగ్గర గట్టిగా నొక్కి తీసింది.

గుంట పడింది. దుర్గ చూస్తూ కూచుంది. గుంట లేవలేదు.

"ఇది నిన్నటిదండీ," అంది పైకే.

హాల్లో తలలన్నీ అటు తిరిగాయి.

"ఏంటమ్మా నిన్నటిది?" అంది వెంకటరత్నమ్మ.

దుర్గ మొహం కందగడ్డలా అయింది. "అంటే... మాది చేపల వ్యాపారమండీ. నొక్కితే లేవకపోతే... అట్టా అంటామండీ. నోరు జారిందండీ."

రత్తయ్య ఒక్క క్షణం ఆ పిల్ల వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది, అయినా ఆపలేదు. "అరవై రెండేళ్ళ సరుకుని పట్టుకుని నిన్నటిదే అంది చూడవే! నువ్వు నన్ను ఒక్కనాడైనా ఇంత మంచిమాట అన్నావా?"

కీర్తన నవ్వలేదు. దుర్గని మందుల గదిలోకి పిలిచింది. "చీటీలో ఎన్ని గళ్ళు?"

"ఆరక్కా."

"నొక్కడం అనే గడి ఉందా?"

"లేదక్కా."

"మరి? ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే డాక్టరుగారి పరువు పోయేది. చేపనుకున్నావా ఆయన్ని!"

దుర్గ తలొంచుకుంది. కానీ అప్పటికే చీటీ లోపలికి వెళ్ళిపోయింది. దాని అడుగున, గళ్ళు అయిపోయినచోట, ఆమె రాసిన ముక్క కూడా వెళ్ళిపోయింది: "రెండు కాళ్ళూ నొక్కితే గుంట లేవట్లేదు."

రత్తయ్య లోపల అరగంట ఉన్నాడు. బయట అందరూ వాచీలు చూసుకుని సణుక్కున్నారు. ఆఖరికి భార్యాభర్తలిద్దరూ బయటికొచ్చారు, చేతిలో పెద్దాసుపత్రికి రాసిచ్చిన ఉత్తరం. ఈసారి రత్తయ్య నవ్వలేదు గానీ, పోతూ పోతూ దుర్గ వైపు చెయ్యెత్తాడు.

ఓపీ అయిపోయాక డాక్టర్ జయకృష్ణ దుర్గని పిలిపించాడు.

"నాలుగు నెలలుగా గ్యాసు మాత్రలు మింగుతున్నాడు ఆయన. మూడు దిండ్లు వేసుకుంటే గాని పడుకోలేకపోతున్నానని ఎవరికీ చెప్పలేదు. గుండె బలహీనపడింది, అందుకే ఒంటికి నీరొచ్చింది. ఇవాళే అడ్మిట్ అవమన్నాను."

"మీరు చూస్తే మీకూ తెలిసేదే కదండీ."

"తెలిసేదేమో. యాభై మందిలో ఒకడిగా వచ్చి గ్యాసు అంటే, తెలిసేది కాదేమో కూడా." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రెండు మాటలు చెప్తాను. మనిషిని ముట్టుకునే ముందు అడగాలి. ముట్టుకున్నాక ఏమనిపించినా కాగితం మీద రాయాలి గానీ హాల్లో ప్రకటించకూడదు. ఇక మూడోది. కోర్సులో చేరు. అయిపోయిన మర్నాటి నుంచి ఇక్కడ నీకు ఉద్యోగం. మాటిస్తున్నాను."

ఇంట్లో ఆ రోజు పండగే. పేరమ్మ మర్నాడు పొద్దున వచ్చిన గిరాకీ అందరికీ చేప మీద ఒక చిన్నచేప కొసరు వేసింది, అడక్కుండానే. "మా అమ్మాయికి డాక్టరుగారు మాటిచ్చారు," అని ఒక్కొక్కరికీ చెప్పింది. కోటి ఆటో వెనక అద్దం మీద ఏం రాయించాలా అని ఆలోచన మొదలెట్టాడు. ఓట్ల సంగతి అందరూ మర్చిపోయారు. పేరమ్మ నర్సింగ్ ఫారాన్ని సంచిలోంచి తీసి చింపబోతే దుర్గ చటుక్కున లాక్కుంది.

"ఎందుకే అది?"

"వెనకాల ఖాళీగా ఉంది, రాసుకోడానికి పనికొస్తుంది."

అది అబద్ధమని ఆమెకి తెలుసు. ఎందుకు ఆడిందో మాత్రం అప్పుడు తెలియదు.

తర్వాత రోజుల్లో తెలిసింది. టోకెను వస్తుంది, మనిషి వస్తాడు, ఆరు గళ్ళు నిండుతాయి, తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మనిషి ఇంకో తలుపులోంచి మెట్లు దిగి వెళ్ళిపోతాడు. పన్నెండో నంబరు ముసలాయన దగ్గు తగ్గిందా? పాలిచ్చే పిల్లని ఎత్తుకొచ్చి కళ్ళు తిరుగుతున్నాయన్న అమ్మాయి ఏమైంది? దుర్గ కీర్తనని అడిగింది. కీర్తన వింతగా చూసింది. "మళ్ళీ వస్తే తగ్గలేదు, రాకపోతే తగ్గింది," అంది. ఆ అమ్మాయి చెడ్డది కాదు. రోజుకి యాభై మందిని గుర్తుపెట్టుకుంటే యాభై ఒకటో మనిషికి చోటుండదు, అంతే. ఆ పనికి ఆ మనసే కావాలి. డాక్టరుగారి క్లినిక్కు అలా నడవబట్టే రోజుకి యాభై మందికి వైద్యం అందుతోంది.

దుర్గకి మాత్రం రత్తయ్య కాలే కళ్ళ ముందు ఉంది.

ఆఖరి తేదీకి ఇంకా మూడు రోజులుందనగా వెంకటరత్నమ్మ పాత రిపోర్టులేవో తీసుకుపోడానికి క్లినిక్కి వచ్చింది. దుర్గని చూడగానే చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నిన్నే అడుగుతున్నారు ఆయన. నిన్నటి చేప ఎలా ఉందో ఒకసారి చూసి పొమ్మన్నారు. సాయంత్రం నాలుగింటికి రానిస్తారు."

నాలుగింటికి దుర్గ ఆసుపత్రి మూడో అంతస్తులో ఉంది.

రత్తయ్య మంచం మీద రాజులా కూచుని ఉన్నాడు. కాళ్ళ వాపు సగానికి తగ్గింది. మంచం పక్కన తెల్లచీర కట్టుకుని, జుట్టు నెరిసిన ఒక నర్సు గ్లాసులో నీళ్ళు కొలిచి పోస్తోంది. పేరు తెరేసమ్మ. ముప్పై ఏళ్ళ సర్వీసు.

"ఇదేనా ఆ చేపలమ్మాయి?" అంది తెరేసమ్మ తల ఎత్తకుండానే. "ఈయన ఈ అంతస్తులో ఎవర్నీ వదల్లేదమ్మా, అందరికీ ఆ కథ చెప్పాడు. పక్క గది పేషెంటు తన కాలు కూడా నొక్కి చూడమంటున్నాడు."

"సిస్టరుగారూ, నేను ఇవాళ్టి సరుకునయ్యానా లేదా, అమ్మాయికి చూపించండి," అన్నాడు రత్తయ్య కాలు చాపి.

దుర్గ ఈసారి, "ముట్టుకోవచ్చాండీ?" అని అడిగి నొక్కింది. గుంట పడి, మెల్లగా లేచింది. ఆమె నవ్వు చెవుల దాకా వెళ్ళింది.

"అంత సంబరపడకు," అంది తెరేసమ్మ. మంచానికి తగిలించి ఉన్న కాగితం తీసి చూపించింది. రోజువారీ బరువు. నాలుగు రోజులు వరసగా తగ్గింది. ఆ రోజు పొద్దున మాత్రం ఒక కిలో పెరిగింది. "మందు అదే, నీళ్ళు నేనే కొలిచి ఇస్తున్నాను. మరి ఈ కిలో ఎక్కణ్ణుంచి వచ్చింది రత్తయ్యగారూ?"

"మీ మిషను పాతబడిందేమో," అన్నాడు రత్తయ్య.

తెరేసమ్మ ఆయన వంక చూడలేదు. వెంకటరత్నమ్మ వంక చూసింది. చూస్తూ, తొందరేమీ లేనట్టు దుప్పటి సర్దింది. వెంకటరత్నమ్మ కొంగు వేలికి చుట్టుకోవడం మొదలెట్టింది.

"నిన్న రాత్రి అన్నం ఎంత తిన్నారు వదినగారూ?"

"కొంచెమేనండీ... పూర్తిగా తిన్నారు."

"ఉప్పు లేని కూరలో మొన్నటిదాకా వేలు పెట్టి చూడని మనిషి నిన్న పూర్తిగా తిన్నాడు." తెరేసమ్మ చెయ్యి చాపింది. "తీయండి."

వెంకటరత్నమ్మ క్యారేజీ అడుగు గిన్నె తీసింది. అందులో వేయించిన ఊరమిరపకాయలు, నల్లగా, కరకరలాడుతూ, ఎనిమిది.

"పదుండేవి," అన్నాడు రత్తయ్య, నిజాయితీగా.

గది గదంతా నవ్వింది. తెరేసమ్మ కూడా నవ్వింది, గిన్నె మాత్రం ఇవ్వలేదు. మంచం అంచున కూచుని, మిరపకాయలో ఎంత ఉప్పుంటుందో, ఆ ఉప్పు నీళ్ళని ఎలా పట్టి ఉంచుతుందో ఊళ్ళో భాషలో చెప్పింది. ఆయనకి కాదు, వెంకటరత్నమ్మకి. తర్వాత ఆయన వైపు తిరిగి, "మొన్న నిద్ర పట్టలేదు, చెరకు కోతకి మనుషులు దొరకలేదని. ఇవాళ దొరికారుగా. ఇక ఆ మిరపకాయలతో పనేంటి మీకు?" అంది.

దుర్గ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. చెరకు కోత సంగతి ఏ చీటీలోనూ లేదు. మొన్నటి నిద్ర, నిన్నటి అన్నం, ఇవాళ్టి కిలో, అన్నీ ఆవిడ దగ్గర ఒక వరసలో ఉన్నాయి.

ఆరింటిదాకా దుర్గ ఆవిడ వెనకే తిరిగింది. పోయే ముందు వరండాలో అడిగింది.

"సిస్టరుగారూ, నాకు ఇంగ్లీషు రాదండీ. ఇంటర్లో తప్పాను కూడా."

"నేను మొదటి సంవత్సరం రెండు పేపర్లు తప్పాను. శరీరంలో ఎముకలు ఎన్నో ఇప్పటికీ ఒకసారి ఆలోచించి చెప్తాను." తెరేసమ్మ చెప్పులు విడిచి మడమలు నేలకి ఆనించింది. "కష్టాలు దాచను. కాళ్ళు పీకుతాయి. రాత్రి డ్యూటీలుంటాయి. సిస్టరమ్మా అని చేతులు జోడించినవాళ్ళే సెలైను అయిపోతే బూతులు తిడతారు. ఎవరికైనా తగ్గితే డాక్టరు గొప్ప, తగ్గకపోతే నర్సు నిర్లక్ష్యం. ఇదంతా విన్నాక కూడా రావాలనిపిస్తే రా. ఎవరో సలహా చెప్పారని రాకు."

దుర్గ ఇంటికి నడుచుకుంటూ వెళ్ళింది. రిటైనింగ్ వాల్ మీద జనం గాలికి కూచున్నారు. కింద కృష్ణ నిండుగా ఉంది. ఆమెకి పరుగెత్తాలనిపించింది, కారణం ఏమీ లేకుండా.

పేరమ్మ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఒప్పుకోలేదు.

"డాక్టరు మాటిస్తే కాదంటావా? పోయి పోయి ఊళ్ళోవాళ్ళ మలమూత్రాలు ఎత్తడానికా?"

"పొద్దుటి నుంచి చేప పేగులు తీసే చేతులమ్మా ఇవి. వీటికి అసయ్యం నేర్పుతావా ఇప్పుడు?"

చివరికి పేరమ్మ నోట అసలు మాట బయటికొచ్చింది. "హాస్టల్లో ఉంటావు. నాకు తోచదే."

దుర్గ దగ్గరికి జరిగి కూచుంది. "ఆదివారాలు వస్తాను. బల్ల దగ్గర కూచుంటాను."

"వచ్చి నా గిరాకీని నొక్కుతావా?" అంది పేరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. అదే ఒప్పుకోవడం.

ఆఖరి రోజు, శనివారం పొద్దున ఫారం నింపుతుంటే తెలిసింది, దరఖాస్తుతో పాటు ఆరోగ్యం బాగుందని డాక్టరు సంతకంతో ఒక సర్టిఫికెట్ జతచేయాలని. ఐదింటికల్లా మంగళగిరిలో ఇవ్వాలి. దుర్గకి తెలిసిన డాక్టరు ఒక్కడే.

పదకొండింటికి క్లినిక్కి వెళ్ళింది. "డాక్టరుగారిని కలవాలక్కా," అంది.

కీర్తన కారణం విని మొహం ముడుచుకుంది. తర్వాత నీలం చీటీ తీసింది. "టోకెను నలభై మూడు. కూర్చో. ఎక్కు బరువు మిషను. అసిస్టెంటువి కాదుగా ఇక, పేషెంటువి." కోపంగానే అంది గానీ, బరువు చూసి, బీపీ చూసి, ఆరో గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో "నర్సింగ్‌లో చేరడానికి" అని రాసి, చీటీని నలభై మూడో చోటు నుంచి తీసి ఇరవై ఒకటో చోట దూర్చింది. "ఎవరికీ చెప్పకు," అంది.

జయకృష్ణ చీటీ చదివి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నేనిచ్చిన మాట కాదని, నా చేతే సంతకం పెట్టించుకోడానికి వచ్చావా?"

"నాకు తెలిసిన డాక్టరు మీరొక్కరేనండీ."

"మూడేళ్ళు. ఇక్కడైతే మార్చికల్లా జీతం తీసుకునేదానివి."

"అవునండీ. మీరు చూసినంత బాగా ఇంకెవరూ చూడరు కూడా. కానీ ఇక్కడ మనిషి తలుపు దాటాక నాకేమీ తెలియట్లేదండీ."

ఆయన స్టూలు చూపించి కూచోమన్నాడు. స్టెతస్కోపు పెట్టి చూశాడు, నాలుక చాపమన్నాడు, కళ్ళు చూశాడు, అన్నీ నిజంగానే చూశాడు, మొక్కుబడికి కాకుండా. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, ఊదాడు. "నాకు తెలుసు రెండేళ్ళకోసారి ఒక మంచి మనిషి దొరుకుతుందని. దొరికినవాళ్ళని మంగళగిరి వాళ్ళు పట్టుకుపోతారని తెలీదు," అన్నాడు. "ఆ ఇంగ్లీషు పుస్తకాల్లో ఏదైనా అర్థం కాకపోతే ఆదివారం రా. టోకెను అక్కర్లేదు."

కోటి ఆటో వారధి మీద లారీల మధ్య కప్పలా గెంతింది. మంగళగిరిలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చింది. కోటి దిగి, బ్యాండువాళ్ళతో ఏం మాట్లాడాడో ఏమో, వాళ్ళు వాయిస్తూనే దారిచ్చారు. "ఏం చెప్పావు?" అంటే, "మా చెల్లికి కూడా ఇవాళే ముహూర్తం అన్నాను," అన్నాడు.

నాలుగూ నలభైకి దుర్గ నర్సింగ్ స్కూలు ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. లోపల గుమాస్తా ఆఖరి రోజు అలసటతో ఉన్నాడు. ఒక్కొక్క కాగితమే తిప్పాడు. ఇంటర్ మార్కులు, ఫొటోలు, సర్టిఫికెట్. ఆఖరి పేజీ దగ్గర ఆగాడు.

"ఇది ఖాళీగా వదిలేశావేంటమ్మా? నర్సింగులో ఎందుకు చేరదలచారు, రెండు వాక్యాలు రాయాలి."

"ఏం రాయాలో తెలియక వదిలేశానండీ."

"సేవ చేయాలని అని రాయి. అందరూ అదే రాస్తారు. ఇదిగో చూడు, మూడొందల మంది సేవ." ఫారాల దొంతర చూపించాడు. "తొందరగా కానీ, బస్సుంది నాకు."

దుర్గ కిటికీ చెక్క మీద ఫారం ఆనించి, పెన్ను పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. వెనకాల కోటి, "రాయవే, ముహూర్తం దాటిపోద్ది," అన్నాడు. ఆమె రాసింది. రెండు వాక్యాలు కాలేదు, ఒకటే అయింది. ఇంగ్లీషులో రాలేదు, తెలుగులోనే రాసింది.

గుమాస్తా పైకి చదివాడు. "ఇవాళ చూసిన మనిషిని రేపు కూడా చూడాలని." తల ఎత్తాడు. "ఏంటమ్మా ఇది?"

"అదేనండీ కారణం."

ఆయన మళ్ళీ చదివాడు, ఈసారి లోపల్లోపల. గడియారం చూశాడు. ముద్ర తీసి, సిరా మెత్త మీద రెండుసార్లు కొట్టి, ఫారం మీద వేశాడు. దాన్ని దొంతరలో కలపకుండా పక్కన పెట్టి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తోశాడు.

"ఇంత రాశావు, కింద సంతకం మర్చిపోయావు. పెట్టు. పద్దెనిమిదో తారీకున లిస్టు పెడతాం, వచ్చి చూసుకో."

దుర్గ సంతకం పెట్టింది. ఆటో ఎక్కేదాకా ఆగలేక, మెట్ల మీదే అమ్మకి ఫోన్ కలిపింది.